పన్ను కట్టని ఊళ్లు: బెజవాడ నుంచి చీరాల దాకా

మా ఊళ్లో ఒక విడత వార్డు మెంబరుగా పనిచేశాను. విజయనగరం జిల్లాలో చిన్న పంచాయతీ మాది. ఇంటి పన్ను ఎంత పెంచాలి, వీధి దీపాల బిల్లు ఎక్కడి నుంచి కట్టాలి అని మీటింగుల్లో గంటలకొద్దీ వాదించుకునేవాళ్లం. ఆ వాదనల మధ్యే నాకు చీరాల-పేరాల మీద ఆసక్తి పుట్టింది. మునిసిపాలిటీ వద్దంటూ ఒక ఊరు ఊరంతా ఇళ్లు వదిలి వెళ్లిపోయిందంటే, వాళ్లు ఏ లెక్క వేసుకుని అంత దూరం వెళ్లారో తెలుసుకోవాలనిపించింది. పుస్తకాలు కొన్ని చదివాను. ఊళ్లు చూడలేదు. ఫిబ్రవరి చివర్లో వీలు కుదిరింది. ఇంటికి వచ్చి వారం కూడా కాలేదు, విన్నవీ తిన్నవీ మరచిపోకముందే రాసేస్తున్నాను.

గురువారం, విజయవాడ

పొద్దున్నే గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్‌కి వెళ్లాను. ఇడ్లీ మీద వెన్నముద్ద, పక్కన కారప్పొడి. జనం నిలబడే తింటున్నారు. నా చేతిలో ప్లేటూ, భుజానికి బ్యాగూ చూసి ఒక పెద్దాయన తన కుర్చీ ఖాళీ చేసి "కూర్చోమ్మా, ఇడ్లీ చల్లారితే వెన్న గడ్డకడుతుంది" అన్నారు. నేను వద్దంటే ఊరుకోలేదు.

అక్కడి నుంచి బందరు రోడ్డు మీద బాపు మ్యూజియం. 1887లో విక్టోరియా రాణి పాలనకు యాభై ఏళ్లు నిండిన గుర్తుగా మొదలుపెట్టిన రాతి భవనం ఇది. అల్లూరు నుంచి తెచ్చిన నిలువెత్తు బుద్ధుడి దగ్గర చాలాసేపు నిలబడ్డాను. కానీ నేను వెళ్లింది 1921 కోసం. ఆ ఏడాది మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలి, కోటి మందిని సభ్యులుగా చేర్చాలి, 20 లక్షల రాట్నాలు ఆడించాలి, ఇదంతా జూన్ 30లోగా జరగాలి అని తీర్మానించింది ఇక్కడే. పింగళి వెంకయ్య తాను తయారుచేసిన జెండాను గాంధీజీకి చూపించింది కూడా ఆ రోజుల్లోనే. అది ఈ భవనంలోనే జరిగిందని బెజవాడవాళ్లు గట్టిగా చెబుతారు. రాణి పేరిట కట్టిన గోడల మధ్య స్వరాజ్య జెండా గురించి మాట్లాడుకున్నారంటే నాకు ఒళ్లు పులకరించింది.

ఆ సభలకు వచ్చిన జనాన్ని అదుపు చేసింది పోలీసులు కాదు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య తయారుచేసిన రామదండు అనే వాలంటీర్ల దళం. ఆయనది అప్పటి కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలు. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చి, కొన్నాళ్లు పాఠాలు చెప్పి, ఉద్యోగం వదిలేసి ఊళ్లమీద పడ్డ మనిషి. ఆంధ్రరత్న అని బిరుదు. ఆయన పేరు మీదే విజయవాడలో ఆంధ్రరత్న భవన్ ఉంది. ఆటో అతన్ని అక్కడికి తీసుకెళ్లమంటే "పార్టీ ఆఫీసుకేగా మేడమ్" అన్నాడు. ఆంధ్రరత్న అంటే ఒక మనిషి అని చెప్పాను. దారంతా ఆయన కథ చెప్పించుకున్నాడు. దిగేటప్పుడు 80 రూపాయలు ఇస్తే పది వెనక్కి ఇచ్చి, "మా అబ్బాయికి చెబుతాను, పోటీ పరీక్షలకు చదువుతున్నాడు" అన్నాడు.

సాయంత్రం బీసెంట్ రోడ్డు. చెప్పులు, గాజులు, నైటీలు, మొబైల్ కవర్లు, అడుగు తీసి అడుగు వేయలేనంత జనం. ఈ రోడ్డుకు పేరిచ్చిన అనీ బీసెంట్ 1916లో హోం రూల్ లీగ్ పెట్టింది. హోం రూల్ అన్న మాట ఐర్లండు వాళ్ల పోరాటం నుంచి వచ్చింది. ఇల్లు మాది, యజమాన్యం మాది అని ఐరిష్ వాళ్లు అప్పటికే కొన్ని దశాబ్దాలుగా లండన్ పార్లమెంటుతో పోట్లాడుతున్నారు. పునుగులు ప్లేటు 40 రూపాయలు. అల్లం చట్నీ రెండోసారి అడిగినా విసుక్కోకుండా వేశారు.

శుక్రవారం, గుంటూరు

ప్రకాశం బ్యారేజీ మీదుగా కృష్ణ దాటి గుంటూరు చేరాను. మా పిన్ని వాళ్ల ఇల్లు బ్రాడీపేటలో. గుంటూరులో అడ్రసులు 4/7, 5/14 అని ఉంటాయి. ముందు లైను నంబరు, తర్వాత అడ్డరోడ్డు. మా ఆటో అబ్బాయి గుంటూరుకు కొత్త. నాలుగో లైను ఏడో అడ్డరోడ్డుకు బదులు ఏడో లైను నాలుగో అడ్డరోడ్డులో దింపాడు. అక్కడ అరుగు మీద బియ్యం ఏరుకుంటున్న ఒకావిడ "ఎవరింటికమ్మా? ఏ ఊరు? వాళ్లకి నువ్వేమవుతావ్?" అని వరసగా అడిగి, జవాబులన్నీ విన్నాక తన మనవణ్ణి నాకు తోడిచ్చి పంపింది. మా వైపు కొత్తవాళ్లను ఇంత సూటిగా అడగరు. అడిగినా ఇంత బాధ్యతగా ఇల్లు చేర్చరు.

బ్రాడీపేట, అరండల్‌పేట రెండూ దొరల పేర్లే. కానీ తెలుగువాళ్లకంటూ ఒక రాష్ట్రం కావాలన్న ఆలోచన గట్టిపడింది కూడా ఈ ఊళ్లోనే. మద్రాసు రాజధానిలో తెలుగు జిల్లాలకు ఉద్యోగాల్లో, చదువుల్లో దక్కుతున్నదెంత అని 1911 ప్రాంతంలో గుంటూరు యువకులు లెక్కలు తీయడం మొదలుపెట్టారు. 1913లో బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ, మరుసటి ఏడాది బెజవాడలో రెండోది. దేశానికి స్వాతంత్ర్యం రాకముందే కాంగ్రెస్ లోపల తెలుగువాళ్లు తమకంటూ ఒక శాఖ సంపాదించుకున్నారు. 1918లో ఏర్పడిన ఆంధ్ర కాంగ్రెస్ కమిటీ అదే. గుంటూరు వకీలు కొండా వెంకటప్పయ్య ఆ పనిలో ముందు నిలబడ్డారు. జనం ఆయన్ని దేశభక్త అని పిలుచుకున్నారు.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా రాష్ట్రం రాలేదు. 1951 ఆగస్టు 15న స్వామి సీతారాం నిరాహార దీక్షకు కూర్చున్నారు. 35 రోజుల తర్వాత వినోబా భావే మాట మీద విరమించారు. మరుసటి ఏడాది అక్టోబరులో పొట్టి శ్రీరాములు మద్రాసులో మొదలుపెట్టిన దీక్ష డిసెంబరు 15 రాత్రి ఆయన ప్రాణంతో ముగిసింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడితే రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు వచ్చాయి. దాని వెనక 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ఉంది. మద్రాసు పెత్తనం పోయి కోస్తా పెత్తనం వస్తే మా గతేమిటని రాయలసీమ నాయకులు అడిగి రాయించుకున్న కాగితం అది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన దాన్ని కాబట్టి ఆ ప్రశ్న నాకు బాగా అర్థమవుతుంది. స్వపరిపాలన అడిగిన ప్రతివాడి వెనకా, నీ పాలనలో నా మాటకు చోటెక్కడ అని అడిగే ఇంకొకడు ఉంటాడు. వాడికి కూడా జవాబు చెప్పాల్సిందే.

రాత్రి భోజనంలో పిన్ని గోంగూర పచ్చడి, ఉల్లిపాయ ముక్క, కందిపొడి, ముద్దపప్పు పెట్టింది. మేం పులుసులో బెల్లం ముక్క వేస్తామని చెబితే మా చెల్లెలు నమ్మలేదు. "అక్కా, పులుసులో బెల్లమేంది?" అని నవ్వుతూనే ఉంది. బాబాయ్ పల్నాడు మనిషి. ఆయన అన్నం కలుపుకుంటూ కన్నెగంటి హనుమంతు గురించి చెప్పారు. అడవిలో పశువులు మేపుకుంటే పుల్లరి కట్టాలన్నారు, కట్టమన్నాడు, 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. చెబుతుంటే బాబాయ్ గొంతు మారింది. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ నోట విన్న కథ అట.

శనివారం, పెదనందిపాడు

గుంటూరు నుంచి దక్షిణంగా బస్సు కదలగానే నల్లరేగడి చేలు మొదలయ్యాయి. కళ్లాల్లో మిరప కాయలు ఆరబోసి ఉన్నాయి. కిటికీ తెరిస్తే ఘాటు. నేను దగ్గుతుంటే కండక్టర్ కిటికీ మూసి, "కొత్తా మేడమ్? మాకు ఈ ఘాటు లేకపోతే నిద్రపట్టదు" అన్నాడు.

పెదనందిపాడు సెంటర్లో టీ తాగుతూ పన్నుల నిరాకరణ ఉద్యమం గురించి అడిగాను. టీ కొట్టు అతను వెంటనే బెంచీ మీద పేపరు చదువుతున్న ఒక పెద్దాయన వైపు చూపించాడు. ఎనభై దాటిన మనిషి, నిటారుగా కూర్చున్నారు. నేను వార్డు మెంబరుగా చేశానని చెప్పగానే, "అయితే నీకు అర్థమవుతుందిలే" అని పేపరు మడిచారు.

ఆయన చెప్పింది, నేను చదివింది కలిపి రాస్తున్నాను. 1921 చివర్లో శాసనోల్లంఘనకు కాంగ్రెస్ దారి తెరిచింది. గుజరాత్‌లో బార్డోలీ సిద్ధమవుతోంది. ఇక్కడ పెదనందిపాడు ఫిర్కా (శిస్తు వసూలు కోసం కలిపిన కొన్ని ఊళ్లు) రైతులు అంతకంటే ముందే దిగారు. భూమిశిస్తు కట్టకూడదని నిర్ణయించుకున్నారు. నాయకుడు పర్వతనేని వీరయ్య చౌదరి, ఈ ఊరివాడే. ఆంధ్రా శివాజీ అని పిలిచారు. శాంతిసేన పేరుతో వాలంటీర్లు ఊరూరా తిరిగారు. గాంధీజీకి ఇది పూర్తిగా ఇష్టం లేదు. ఖద్దరు, అహింస, అంటరానితనం లేకుండా చేయడం, ఈ షరతులన్నీ నెరవేరితేనే దిగండి అని వెంకటప్పయ్యకు రాశారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించింది కరణాలు, మునసబుల రాజీనామాలు. దొర ఎక్కడో గుంటూరులో ఉంటాడు. శిస్తు లెక్క రాసేది కరణం, వసూలు చేసేది మునసబు. ఇద్దరూ ఊరివాళ్లే. వాళ్లు కాగితాలు కింద పెట్టేస్తే సర్కారుకు ఊళ్లో కళ్లూ లేవు, చేతులూ లేవు. తరతరాలుగా వస్తున్న మిరాశీ, దానితో వచ్చే మర్యాద వదులుకోవడం చిన్న విషయం కాదు. "మా తాత మునసబు. రాజీనామా రాసిచ్చి ఇంటికొచ్చి అరుగు మీద పడుకున్నాడంట. మా నాయనమ్మ రెండు రోజులు మాట్లాడలేదంట. మూడోరోజు తనే రాట్నం ముందేసుకుని కూర్చుందంట" అన్నారు పెద్దాయన.

ప్రభుత్వం రూథర్‌ఫర్డ్ అనే కలెక్టరును దించింది. తర్వాత మన్యంలో అల్లూరి సీతారామరాజు మీదికి వెళ్లింది కూడా ఇతనే. పోలీసులు, సైన్యం వచ్చారు. ఆస్తులు జప్తు చేశారు. వేలం వేస్తే పాడేవాళ్లు లేరు. ఇంతలో 1922 ఫిబ్రవరి 4న ఉత్తరాదిన చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషను తగలబెట్టి పోలీసులను చంపారు. గాంధీజీ ఉద్యమం ఆపేశారు. ఇక్కడ కూడా ఆపి, శిస్తు కట్టేశారు.

"ఓడిపోయినట్టు అనిపించలేదా అండీ వాళ్లకి?" అని అడిగాను.

"అనిపించే ఉంటుంది. కానీ చూడమ్మా, కట్టొద్దు అనుకున్నప్పుడు అందరూ ఆగారు, కట్టాలి అనుకున్నప్పుడు అందరూ కట్టారు. రెండూ ఊళ్లోవాళ్లే నిర్ణయించుకున్నారు. అంతకు ముందు అట్టా ఎప్పుడు జరిగింది?"

ఈ జవాబు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. పన్ను తగ్గిందా లేదా అన్నది ఒక లెక్క. ఎవరు తేల్చారన్నది ఇంకో లెక్క. ఆ రెండోదాని కోసమే వాళ్లు నష్టపోవడానికి సిద్ధపడ్డారని నాకు అప్పుడే సరిగ్గా అందింది.

మధ్యాహ్నం బస్సు ఉందన్నా వినకుండా ఇంటికి తీసుకెళ్లారు. ఆయన కోడలు "శనివారం, నీసు వండలేదమ్మా, ఏమనుకోవద్దు" అంటూనే దోసకాయ పప్పు, దొండకాయ వేపుడు, చింతకాయ పచ్చడి, గడ్డ పెరుగు వడ్డించింది. ఆవిడ పోయిన విడత పంచాయతీలో సభ్యురాలు. నిధులు ఏ పద్దు కింద వస్తాయి, తీర్మానం పుస్తకంలో ఎలా రాయాలి, ఖర్చులు ఎవరు అడగొచ్చు అని ఇద్దరం చేయి ఆరేదాకా మాట్లాడుకున్నాం. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణతో మాలాంటి ఆడవాళ్లు మూడో వంతు కుర్చీల్లోకి వచ్చాం. "కుర్చీ వచ్చింది గానీ, చెక్కు మీద సంతకం కోసం మాత్రం పోట్లాడాల్సిందే" అంది ఆవిడ. నిజమే. నేనూ పోట్లాడాను. వచ్చేటప్పుడు గోంగూర కట్ట, ఒక సంచి ఎండు మిరపకాయలు చేతిలో పెట్టింది. డబ్బుల మాట ఎత్తితే కోప్పడింది.

ఆదివారం గుంటూరులో పెద్దగా ఏమీ చేయలేదు. సాయంత్రం జిన్నా టవర్ చూసి, వాము పెట్టిన మిరపకాయ బజ్జీ తిన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

సోమవారం, చీరాల

ఇప్పుడు బాపట్ల జిల్లా. అప్పట్లో గుంటూరు జిల్లాయే. రైలు బాపట్లలో ఆగినప్పుడు మొదటి ఆంధ్ర మహాసభ ఈ ఊళ్లోనే కదా అని ప్లాట్‌ఫారం మీదికి తల బయటికి పెట్టి చూశాను. వేరుశనగ కాయలు కొనుక్కున్నాను, 20 రూపాయలు.

చీరాలలో రామ్‌నగర్ అని అడిగితే ఒకరు తూర్పు అన్నారు, ఇంకొకరు పడమర అన్నారు. షేర్ ఆటో నన్ను పేరాలలో నేతపని చేసేవాళ్ల వీధిలో దింపింది. అదే మేలైంది. ఒక ఇంట్లో గుంటమగ్గం మీద ఒకావిడ నేస్తోంది. భర్త పక్కన కండెలు చుడుతున్నాడు. చూడొచ్చా అని అడిగితే పీట వేశారు. మగ్గం ఆగలేదు, నాడె అటూ ఇటూ పరుగెడుతూనే ఉంది, మాటలూ సాగాయి.

చీరాల, పేరాల కలిపి అప్పట్లో ఒక యూనియన్, అంటే మునిసిపాలిటీ కంటే చిన్న స్థానిక సంస్థ. జనంలో నేతగాళ్లే ఎక్కువ. యూనియన్‌కి ఏడాదికి వచ్చే పన్ను సుమారు 4 వేల రూపాయలు. దాన్ని మునిసిపాలిటీగా మార్చాలని మద్రాసు ప్రభుత్వం నిర్ణయించింది. మారితే పన్ను 40 వేల దాకా పోతుందని జనం లెక్కవేశారు. బావులున్నాయి, ఇసుక నేల, నీళ్లు ఇంకిపోతాయి, మాకు మునిసిపాలిటీ ఎందుకన్నారు. అర్జీలు పెట్టారు. వినలేదు.

ఇక్కడ చాలామంది దాటేసే సంగతి ఒకటుంది. 1882లో వైస్రాయి రిప్పన్ స్థానిక పాలన మీద తీర్మానం తెచ్చినప్పటి నుంచి మునిసిపాలిటీలంటే భారతీయులకు స్వపరిపాలన నేర్పే బడులని దొరలు చెబుతూ వచ్చారు. 1919 భారత ప్రభుత్వ చట్టంతో స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రుల చేతికే వచ్చింది. మద్రాసులో ఆ శాఖ మంత్రి పానగల్లు రాజా రామరాయణింగారు, కాళహస్తి ప్రాంతపు తెలుగువాడు. అంటే చీరాల ప్రజలు ఎదిరించింది దొరతనాన్ని ఒక్కదాన్నే కాదు, స్వపరిపాలన పేరుతో, తమను అడగకుండా చేసిన నిర్ణయాన్ని కొనసాగించిన తెలుగు మంత్రిని కూడా. కుర్చీలో కూర్చున్నది మనవాడే అయినంత మాత్రాన అది మన పాలన కాదని వాళ్లకు 1921లోనే తెలుసు.

ఆ ఏడాది ఏప్రిల్ మొదటి వారంలో, బెజవాడ సభల తర్వాత గాంధీజీ చీరాల వచ్చారు. రెండు దారులు చెప్పారు. అహింసతో పన్ను కట్టకుండా శిక్షలు భరించడం, లేదా మునిసిపల్ హద్దులు దాటి వెళ్లిపోవడం. గోపాలకృష్ణయ్య వెనక జనం రెండోదాన్ని ఎంచుకున్నారు. సుమారు 15 వేల జనాభాలో 13 వేలకు పైగా ఇళ్లకు తాళాలు వేసి, హద్దు అవతల తాటాకు పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. తగాదాలు తీర్చడానికి తమ పంచాయతీ తామే పెట్టుకున్నారు. పదకొండు నెలలు అలాగే ఉన్నారు.

మగ్గం ముందు కూర్చున్నాక ఆ పదకొండు నెలల బరువు తెలిసింది. "ఇది గుంటమగ్గం కదండీ, నేలలో గుంత తీసి దింపాలి. ఇంకోచోటికి మార్చాలంటే మళ్లీ గుంత తీయాలి, పడుగు తెగకుండా మోసుకెళ్లాలి. వానొస్తే గుంతలోకి నీళ్లు. పాకలో ఎట్టా నేశారో మరి" అన్నాడాయన. ఆవిడ నేత ఆపకుండానే, "నేసే ఉంటార్లే, నెయ్యకపోతే తినేదెట్టా" అంది. నేను చదివిన పుస్తకాల్లో నాయకుల ఉపన్యాసాలు ఉన్నాయి గానీ పాకలో తడిసిన పడుగు గురించి లేదు. ఉండాల్సింది.

గోపాలకృష్ణయ్య బరంపురంలో మాట్లాడటానికి వెళ్తే అరెస్టు చేసి ఏడాది శిక్ష వేశారు, తిరుచినాపల్లి జైలుకు పంపారు. నాయకుడు లేడు, డబ్బు లేదు. జనం మెల్లగా ఇళ్లకు తిరిగొచ్చారు. ఆయన 1928 జూన్‌లో పోయారు, అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు.

ఆ ఇంట్లోనే ఒక నూలు చీర కొన్నాను, 1,400 రూపాయలు. బేరం ఆడలేదు. మధ్యాహ్నం స్టేషన్ దగ్గర మెస్సులో చేపల పులుసుతో భోజనం 150. వడ్డించే అబ్బాయికి రామ్‌నగర్ కథ తెలుసు. వాళ్ల టీచరు ఒకసారి పిల్లలందర్నీ నడిపించుకుంటూ తీసుకెళ్లి అక్కడే పాఠం చెప్పారట. ఆ టీచరు ఎవరో గానీ మనసులో దండం పెట్టుకున్నాను.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. బాపు మ్యూజియం ఏ రోజు సెలవో ముందే కనుక్కోండి. పెదనందిపాడుకు గుంటూరు నుంచి పొద్దున బస్సులోనే వెళ్లండి, ఎండ ముదిరితే మిరప ఘాటు తట్టుకోలేరు. అక్కడ టీ బెంచీల మీద కూర్చునే పెద్దవాళ్లతో మాట్లాడటానికి కనీసం ఒక పూట ఉంచుకోండి, భోజనానికి పిలిస్తే కాదనకండి. చీరాలలో బట్టల మార్కెట్టు కంటే ముందు పేరాల మగ్గాల దగ్గరికి వెళ్లండి. పండగల ముందు పని ఒత్తిడిలో ఉంటారు, మిగతా రోజుల్లో పీట వేసి కూర్చోబెడతారు.